నర్సులకు డాక్టరేట్‌.. దారి ఏది?

పీహెచ్‌డీయా, డీఎన్‌పీయా? చేసే పనిని బట్టే ఎంపిక
గైడ్‌, సెలవు, గుర్తింపు చూసుకున్నాకే ఫీజు కట్టాలి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: రాత్రి డ్యూటీ ముగించి, ఉదయం వార్డు అప్పగించి బస్టాండుకు చేరిన నర్సు సెల్‌ఫోన్‌ తెరిస్తే చాలు, ప్రకటనలు వరుస కడుతున్నాయి. ఉద్యోగం మానక్కర్లేదు, తరగతులకు రానక్కర్లేదు, రెండేళ్లలో పేరు ముందు ‘డాక్టర్‌’ చేరుతుందన్నది వాటి సారాంశం. రెండో పిల్లవాడి బడి ఫీజు, ఇంటి అప్పు, ఊళ్లో ముసలి తల్లిదండ్రులు.. ఇన్నింటి నడుమ పైచదువు ఆశ చంపుకోలేని సిస్టర్‌కు ఆ మాట తీపిగానే వినిపిస్తుంది. అయితే ఆ ప్రకటనలోని మూడు మాటల్లో రెండు నిబంధనలకు విరుద్ధం. మన దేశంలో పీహెచ్‌డీని రెండేళ్లలో ఇవ్వడానికి వీల్లేదు. దూరవిద్య, ఆన్‌లైన్‌ పద్ధతుల్లో ఇవ్వడానికీ వీల్లేదు. ఉద్యోగం మానకుండా చదవవచ్చన్న మాట మాత్రం నిజమే. దానికీ షరతులున్నాయి.

ఈ నేపథ్యంలో డాక్టరేట్‌ చేయాలనుకునే నర్సులు ఏ పట్టాను ఎంచుకోవాలి, ఎన్నేళ్లు పడుతుంది, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్న అంశాలపై కథనం..

ఇప్పుడే ఎందుకు?

ఒకప్పుడు ఉమ్మడి కరీంనగర్‌ జిల్లాలో పైచదువు చదివిన నర్సు హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో వెళ్లాల్సిందే. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాక పరిస్థితి మారుతూ వచ్చింది. జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబరులో ప్రారంభం కాగా, సిరిసిల్లలో 2023 సెప్టెంబరులో మొదలైంది. రెండు పట్టణాల్లోనూ ప్రభుత్వ నర్సింగ్‌ కళాశాలలు వచ్చాయి. కళాశాల ఉంటే బోధకులు కావాలి. బోధనాస్పత్రి ఉంటే పరిశోధనకు చోటుంటుంది. ఇంటికి దగ్గరలోనే పాఠం చెప్పే అవకాశం, పరిశోధన చేసే అవకాశం రెండూ కనిపిస్తుండటంతో డాక్టరేట్‌ గురించి ఆలోచించే నర్సుల సంఖ్య పెరగడం సహజం.

అయితే తొందరపడి చేరితే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు. ముప్పై అయిదేళ్ల వయసులో పోగొట్టుకున్న నాలుగేళ్లు తిరిగి రావు.

రెండు పట్టాలు.. రెండు పనులు

నర్సింగ్‌లో డాక్టరేట్‌ అనగానే రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి పీహెచ్‌డీ. రెండోది డీఎన్‌పీ, అంటే డాక్టర్‌ ఆఫ్‌ నర్సింగ్‌ ప్రాక్టీస్‌. పేర్లు పక్కపక్కనే వినిపించినా రెండింటి పని వేరు.

పీహెచ్‌డీ పరిశోధన పట్టా. ఇంతవరకు తెలియని విషయాన్ని ప్రశ్నగా ఎంచుకుని, సమాచారం సేకరించి, విశ్లేషించి, సిద్ధాంత గ్రంథం రాసి, పరీక్షకుల ముందు దాన్ని సమర్థించుకోవాలి. కళాశాలలో బోధన, పరిశోధన సంస్థల్లో పని, విధాన రూపకల్పన.. ఈ దారుల్లో వెళ్లేవారికి ఇది ఉపకరిస్తుంది.

డీఎన్‌పీ వృత్తి పట్టా. అమెరికాలో పుట్టింది. అక్కడ కెంటకీ విశ్వవిద్యాలయం 2001లో తొలి డీఎన్‌పీ కోర్సును ప్రారంభించింది. ఉన్నత స్థాయి నర్సు వృత్తికి ఇదే ప్రవేశ పట్టా కావాలని, 2015 నాటికి ఆ మార్పు పూర్తి కావాలని అమెరికా నర్సింగ్‌ కళాశాలల సంఘం 2004లో ప్రతిపాదించింది. ఆ గడువు దాటినా అక్కడ నేటికీ మాస్టర్స్‌ పట్టాతో నర్స్‌ ప్రాక్టీషనర్లు అవుతున్నవారు ఉన్నారు. డీఎన్‌పీలో సిద్ధాంత గ్రంథం బదులు, ఆస్పత్రిలో ఒక సమస్యను ఎంచుకుని ఇప్పటికే రుజువైన పద్ధతితో దాన్ని చక్కదిద్దే ప్రాజెక్టు ఉంటుంది. డిగ్రీ తరువాత మొత్తం కనీసం వెయ్యి గంటలు రోగుల సేవలో పర్యవేక్షిత శిక్షణ పొందాలి.

తేడా ఒక ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. శస్త్రచికిత్స వార్డులో పుండ్లకు చీము పడుతోందనుకుందాం. అలా ఎందుకు జరుగుతోంది, ఈ ప్రాంత రోగుల్లో ప్రత్యేక కారణం ఏదైనా ఉందా అని వెతికేది పీహెచ్‌డీ. చేతుల శుభ్రత, డ్రెస్సింగ్‌ పద్ధతుల్లో తెలిసిన మంచి విధానాన్ని ఆ వార్డులో అమలు చేసి, చీము తగ్గిందా లేదా అని చూపించేది డీఎన్‌పీ.

ఇక్కడే మన నర్సులు గుర్తుంచుకోవాల్సిన విషయం ఉంది. భారత నర్సింగ్‌ మండలి గుర్తించే కోర్సుల వరుసలో ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ, పోస్ట్‌ బేసిక్‌ బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఉన్నాయి. డీఎన్‌పీ లేదు. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో కొలువు చేయదలచిన వారికి అక్కరకొచ్చే డాక్టరేట్‌ పీహెచ్‌డీయే.

మెట్లెన్ని.. ఏళ్లెన్ని?

డాక్టరేట్‌కు ముందు ఎక్కాల్సిన మెట్లను లెక్క వేసుకోవాలి. ఇంటర్‌ తరువాత మూడేళ్ల జీఎన్‌ఎం చదివి వార్డులో చేరినవారు ముందుగా రెండేళ్ల పోస్ట్‌ బేసిక్‌ బీఎస్సీ చేయాలి. ఆ తరువాత రెండేళ్ల ఎమ్మెస్సీ. దీనికి కనీసం ఏడాది పని అనుభవం అడుగుతారు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌ చేసినవారు ఏడాది అనుభవంతో నేరుగా ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌ పరిధిలోకి రాని ఓబీసీ, దివ్యాంగులు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు ఐదు శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారికి నేరుగా పీహెచ్‌డీలో చేరే వీలును యూజీసీ 2022 నిబంధనలు కల్పించాయి. అయినా నర్సింగ్‌లో ఎమ్మెస్సీని కోరడమే రివాజుగా ఉంది.

పీహెచ్‌డీ కాలవ్యవధిని యూజీసీ స్పష్టంగా నిర్ణయించింది. 2022 నవంబరులో వెలువడిన నియమావళి ప్రకారం కోర్సు వర్కుతో కలిపి కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆపై విశ్వవిద్యాలయం అనుమతిస్తే పునర్నమోదు ద్వారా రెండేళ్ల వరకు గడువు లభిస్తుంది. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. చదువు కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. నర్సుల్లో అత్యధికులు మహిళలే కాబట్టి ఈ రెండు సడలింపులూ ఎంతో విలువైనవి.

ఒక లెక్క చూద్దాం. జీఎన్‌ఎంతో 21 ఏళ్లకు కొలువులో చేరి, పదేళ్లు పనిచేశాక 31 ఏట పైచదువు మొదలుపెట్టిన నర్సుకు పోస్ట్‌ బేసిక్‌ ముగిసేసరికి 33, ఎమ్మెస్సీ ముగిసేసరికి 35 వస్తాయి. పీహెచ్‌డీ మూడేళ్లలో అయితే 38, ఆరేళ్లు పడితే 41. మధ్యలో సీటు దొరకని ఏడాది, సెలవు దొరకని ఏడాది కలిస్తే ఇంకాస్త. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2021లో 61 ఏళ్లకు పెరిగింది. అంటే ఆ చదువును వాడుకోవడానికి ఇరవై ఏళ్లు మిగులుతాయి. ఆలస్యమైపోయిందని దిగులు పడాల్సిన పని లేదు. అలాగని కాలయాపన చేసే వీలూ లేదు.

డాక్టరేట్‌ వస్తే పదోన్నతి దానంతట అదే వస్తుందన్న అపోహ కూడా వద్దు. వార్డులో నర్సింగ్‌ ఆఫీసర్‌ నుంచి పైమెట్టుకు చేర్చేది ప్రధానంగా సర్వీసు సీనియారిటీ. కళాశాల ప్రిన్సిపల్‌ పోస్టుకు సైతం నర్సింగ్‌ మండలి ప్రమాణాల్లో ఎమ్మెస్సీ, తగిన అనుభవం తప్పనిసరి కాగా పీహెచ్‌డీ ‘ఉంటే మేలు’ అన్న వరుసలోనే ఉంది. కాబట్టి వార్డులోనే కొనసాగాలనుకునేవారికి, బోధనలోకి మారాలనుకునేవారికి ఈ చదువు ఇచ్చే ఫలం ఒకటి కాదు.

కొలువులో ఉంటూనే..

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేయడానికి యూజీసీ నియమావళి అనుమతిస్తోంది. అయితే పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఆ పత్రంలో మూడు సంగతులు ఉండాలి. పార్ట్‌టైంగా చదవడానికి అనుమతిస్తున్నామని, విధుల దృష్ట్యా పరిశోధనకు తగినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సు వర్కు కోసం విధుల నుంచి విడుదల చేస్తామని అధికారి రాసివ్వాలి.

అసలు చిక్కు ఈ మూడో మాట దగ్గరే. కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు. పరిశోధన పద్ధతులు, పరిశోధన నైతికత అందులో భాగం. ఇంటి నుంచి చదివి పూర్తి చేసేది కాదు. కోరుట్ల నుంచి హైదరాబాద్‌కో, వరంగల్‌కో వెళ్లి రావాలంటే రోజంతా ప్రయాణానికే సరి. వార్డులో ఒకరు తగ్గితే మిగిలినవారిపై భారం పడుతుంది కనుక సెలవు ఇవ్వడానికి అధికారి వెనుకాడతారు. అందుకే దరఖాస్తుకు ముందే పై అధికారితో మాట్లాడి, ఏ నెలల్లో ఎన్ని రోజులు కావాలో కాగితంపై పెట్టుకోవడం మంచిది. నోటిమాట అనుమతితో చేరితే, అధికారి బదిలీ అయిన మరుసటి నెలే చదువు ఆగిపోయే ప్రమాదం ఉంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో పనిచేసేవారికి యాజమాన్యం మారినా, ఉద్యోగం మారినా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది.

ఆర్థిక భారాన్నీ ముందే చూసుకోవాలి. యూజీసీ నెట్‌ పరీక్ష నిర్వహించే సబ్జెక్టుల్లో నర్సింగ్‌ లేదు. కాబట్టి నర్సింగ్‌ సబ్జెక్టుతో జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌ తెచ్చుకునే దారి లేదు. విశ్వవిద్యాలయాల సొంత ప్రవేశ పరీక్ష, మౌఖిక పరీక్షలే ఆధారం. ఫీజుకు తోడు ప్రయాణాలు, సమాచార సేకరణ, గణాంక విశ్లేషణ, థీసిస్‌ ముద్రణ ఖర్చులు జీతం నుంచే పెట్టుకోవాల్సి రావచ్చు.

గైడ్‌ దొరికితేనే గమ్యం

పీహెచ్‌డీలో విశ్వవిద్యాలయం పేరు కన్నా గైడ్‌ ముఖ్యం. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌ ఎనిమిది మందికి, అసోసియేట్‌ ప్రొఫెసర్‌ ఆరుగురికి, అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ నలుగురికి మించి ఒకే సమయంలో మార్గదర్శనం చేయరాదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. గైడ్‌కు తప్పనిసరిగా పీహెచ్‌డీ ఉండాలి. నర్సింగ్‌లో పీహెచ్‌డీ చేసినవారే తక్కువ కనుక గైడ్‌ల సీట్లు తొందరగా నిండిపోతాయి.

గైడ్‌ గురించి తెలుసుకోవడానికి ఉచిత మార్గం ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన థీసిస్‌లను ‘శోధ్‌గంగ’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో భద్రపరుస్తున్నారు. గైడ్‌ పేరుతో వెతికితే ఆయన లేదా ఆమె దగ్గర ఎవరెవరు, ఏయే అంశాలపై పరిశోధన పూర్తి చేశారో కనిపిస్తుంది. రెండు మూడు థీసిస్‌లు తిరగేస్తే ఆ గైడ్‌ అభిరుచి, ఆ విశ్వవిద్యాలయం ప్రమాణం రెండూ తెలుస్తాయి. పరిశోధన పూర్తి చేసిన వారిని కలిసి, సినాప్సిస్‌ ఆమోదానికి ఎన్ని నెలలు పట్టింది, రాసిన అధ్యాయం దిద్ది ఇవ్వడానికి ఎన్నాళ్లు పట్టింది అని అడిగితే ఏ బ్రోచర్‌లోనూ లేని సమాచారం దొరుకుతుంది.

ఎక్కడ చేయవచ్చన్న ప్రశ్నకు పలు సమాధానాలున్నాయి. భారత నర్సింగ్‌ మండలి 2000ల దశకం మధ్యలో కర్ణాటకలోని రాజీవ్‌ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయంతో కలిసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో నర్సింగ్‌ పీహెచ్‌డీ కోసం జాతీయ కన్సార్షియంను ఏర్పాటు చేసింది. నర్సింగ్‌ పరిశోధన కోసమే పుట్టిన ఏర్పాటు ఇది. ఢిల్లీలోని ఎయిమ్స్‌, చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్‌, బెంగళూరులోని నిమ్హాన్స్‌ కూడా నర్సింగ్‌లో పీహెచ్‌డీ అందిస్తున్న ప్రభుత్వ సంస్థలు. మానసిక ఆరోగ్య నర్సింగ్‌పై ఆసక్తి ఉన్నవారికి నిమ్హాన్స్‌ సహజమైన ఎంపిక. తెలంగాణలోని నర్సింగ్‌ కళాశాలలకు అనుబంధ విశ్వవిద్యాలయం వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఆయా ఏడాది ప్రకటనల్లో సీట్లు, సబ్జెక్టులు, పార్ట్‌టైం వీలు మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసే సంవత్సరపు ప్రకటననే ప్రమాణంగా తీసుకోవాలి.

గల్ఫ్‌, అమెరికా దారిలో..

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాలకు గల్ఫ్‌ కొత్త కాదు. కూలీలతో మొదలైన వలసలో ఇప్పుడు నర్సులూ ఉన్నారు. అమెరికాలో స్థిరపడాలనుకునే నర్సుకు డీఎన్‌పీ అర్థవంతమైన పట్టా. కానీ క్రమం తప్పకూడదు. ముందుగా ధ్రువపత్రాల మదింపు, ఎన్‌క్లెక్స్‌ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు, ఆ తరువాతే డీఎన్‌పీ. లైసెన్సు లేకుండా అక్కడి ఆస్పత్రుల్లో శిక్షణ గంటలు పూర్తి చేయడం కుదరదు. డీఎన్‌పీ చేయదలచిన కళాశాలకు సీసీఎన్‌ఈ లేదా ఏసీఈఎన్‌ వంటి నర్సింగ్‌ విద్యా గుర్తింపు సంస్థల ఆమోదం ఉందో లేదో చూసుకోవాలి. బ్రిటన్‌, ఆస్ట్రేలియాల్లో ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసం పార్ట్‌టైం వృత్తి డాక్టరేట్లు ఉన్నాయి.

విదేశీ పట్టాతో తిరిగి వచ్చి ఇక్కడ బోధించాలనుకుంటే మరో అంశం ఉంది. విదేశీ పట్టాలకు సమానత్వ ధ్రువపత్రం ఇచ్చేందుకు యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. నర్సింగ్‌, వైద్యం, న్యాయశాస్త్రం వంటి వృత్తి పట్టాలను వాటి పరిధి నుంచి మినహాయించింది. వాటిని ఆయా చట్టబద్ధ మండళ్లే తేల్చాలి. నర్సింగ్‌ మండలి స్థానంలో జాతీయ నర్సింగ్‌, మిడ్‌వైఫరీ కమిషన్‌ ఏర్పాటుకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. కాబట్టి విమానం ఎక్కేముందే, తిరిగొచ్చాక ఆ పట్టా చెల్లుతుందా అని సంబంధిత మండలికి లేఖ రాసి లిఖితపూర్వక జవాబు తెచ్చుకోవడం క్షేమం.

ఇంటి ముందే పరిశోధన

అంశం కోసం దూరం వెళ్లాల్సిన పని లేదు. సిరిసిల్లలో మరమగ్గాల హోరు మధ్య పనిచేసే కార్మికుల వినికిడి, ఊపిరితిత్తుల ఆరోగ్యం. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో చేటలో పొగాకు పెట్టుకుని బీడీలు చుట్టే మహిళల ఆరోగ్యం. భర్త గల్ఫ్‌లో ఉండగా ఇంటిని ఒంటరిగా నెట్టుకొచ్చే భార్యల మానసిక స్థితి. ఇవన్నీ నర్సు రోజూ ఓపీలో, ఇంటింటి సందర్శనలో చూసేవే.

వీటన్నింటికన్నా పెద్ద ప్రశ్న ప్రసవాలది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్సతో జరిగాయి. దేశంలోనే ఇది అత్యధికం. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ వాటా 80 శాతం దాటింది. సహజ కాన్పులను ప్రోత్సహించేందుకు 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్‌ ఫౌండేషన్‌, యునిసెఫ్‌ సహకారంతో నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణను కరీంనగర్‌ ప్రభుత్వాస్పత్రి కేంద్రంగా మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం జాతీయ స్థాయిలో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు వెలువరించింది. ఆ శిక్షణ పొందిన నర్సు ఉన్న చోట కాన్పు తీరు ఏ మేరకు మారింది, తల్లులు ఏమంటున్నారు అన్నది ఈ గడ్డమీదే చేయదగిన పరిశోధన.

రోగులపై చేసే ఏ అధ్యయనానికైనా నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు దీన్ని నిర్దేశిస్తున్నాయి. వార్డులో తమకు చేరువైన రోగుల నుంచి సమాచారం తీసుకునే ముందు సైతం వారి సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి. సిస్టర్‌ అడిగితే కాదనలేని పేద రోగి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

డాక్టరేట్‌ ఒక్కటే దారి కాదు

పడక పక్క సేవలోనే రాణించాలన్నది కోరిక అయితే పీహెచ్‌డీ కన్నా దగ్గరి దారులున్నాయి. ఐసీయూలో పనిచేసే బీఎస్సీ నర్సుల కోసం నర్సింగ్‌ మండలి రూపొందించిన ‘నర్స్‌ ప్రాక్టీషనర్‌ ఇన్‌ క్రిటికల్‌ కేర్‌’ రెండేళ్ల పీజీ రెసిడెన్సీ కోర్సు. మిడ్‌వైఫరీలో ఏడాదిన్నర శిక్షణ ఉంది. ఈ చదువుల్లో ఎక్కువ సమయం రోగి దగ్గరే గడుస్తుంది.

పేరు ముందు వచ్చే ‘డాక్టర్‌’ విషయంలోనూ స్పష్టత ఉండాలి. పీహెచ్‌డీ పొందిన నర్సు ఆ బిరుదును పేరుకు ముందు రాసుకోవచ్చు. అది విద్యా గౌరవం. మందులు రాసే అధికారం కాదు. ఆర్‌ఎంపీని సైతం డాక్టర్‌గా పిలిచే పల్లెల్లో, వార్డులో తాను నర్సునని రోగికి చెప్పడం బాధ్యత కూడా.

చేరే ముందు చూసుకోవాల్సినవి

● విశ్వవిద్యాలయం పేరు యూజీసీ జాబితాలో ఉందా? నకిలీ విశ్వవిద్యాలయాల జాబితానూ యూజీసీ ప్రకటిస్తుంది. అదీ చూడాలి.
● గుర్తింపు ఉన్నంత మాత్రాన సరిపోదు. పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదంటూ రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలను 2025-26 నుంచి ఐదేళ్లపాటు పీహెచ్‌డీ ప్రవేశాలు చేపట్టరాదని యూజీసీ 2025 జనవరిలో ఆదేశించింది.
● ‘విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి ఆన్‌లైన్‌ పీహెచ్‌డీ’ అనే ఎడ్‌టెక్‌ కంపెనీల ప్రకటనలను నమ్మవద్దని 2022లోనే యూజీసీ, ఏఐసీటీఈ హెచ్చరించాయి.
● ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ లేకుండా సీటిస్తామన్నా, థీసిస్‌ రాసిపెడతామన్నా వెనుదిరగాలి. సమర్పించే ప్రతి థీసిస్‌నూ కాపీ పరీక్షకు పంపుతారు.
● ఫీజును ఏజెంట్‌ ఖాతాలో వేయరాదు. విశ్వవిద్యాలయం పేరిట రసీదు తీసుకోవాలి.
● ఎంఫిల్‌లో చేరమంటే చేరరాదు. 2022 నియమావళితో యూజీసీ దానిని నిలిపివేసింది.

ముందుగా ఒక్క ప్రశ్న

ఇన్ని వివరాలు సేకరించే ముందు నర్సు తనను తాను ఒక్క ప్రశ్న వేసుకోవాలి. పట్టా చేతికొచ్చిన మరునాడు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారు? తరగతి గదిలోనా, వార్డులోనా, విదేశంలోనా? తరగతి గది అన్నది జవాబైతే పీహెచ్‌డీ, విదేశీ వార్డు అయితే ముందు లైసెన్సు ఆపై డీఎన్‌పీ, మన వార్డే అయితే ప్రాక్టీషనర్‌ కోర్సులు. జవాబు దొరికాక ప్రకటనలు చదివితే ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో చప్పున తెలిసిపోతుంది. జవాబు లేకుండా చదివితే ప్రతి ప్రకటనా తమ కోసమే రాసినట్టు కనిపిస్తుంది.